సిల్వర్ ఏజ్ ఎక్కడ ముగిసింది, బ్రాంజ్ ఏజ్ ఎక్కడ మొదలైంది? (అమెరికన్ కామిక్స్)

నాలుగురంగులు

అందరికీ నమస్కారం. డల్లాస్‌లో ఉండే మా బావగారు ఇల్లు మారుతూ తన పాత కామిక్స్‌లో ఒక పెట్టె నాకు ఇచ్చేశారు. ఎక్కువగా మార్వెల్, కొన్ని డీసీ, 1966 నుంచి 1977 దాకా ఉన్నాయి. యుగాలవారీగా సర్దుదామని మొదలుపెట్టాను. గోల్డెన్ ఏజ్ 1938లో సూపర్‌మ్యాన్‌తో మొదలైందన్న దగ్గర పెద్దగా పేచీ లేదు. సిల్వర్ ఏజ్ 1956 అంటారు, అదీ సరే. అది ముగిసే దగ్గరే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. 1969, 1970, 1971, 1973, ఏ ఏడు పట్టుకున్నా దానికో వాదన ఉంది. నా పెట్టెలో సగం సరిగ్గా ఆ ఏళ్లవే. మీరైతే ఎలా సర్దుతారు? అసలు ఈ గీతలు ఎవరు గీశారు?

లాంగ్‌బాక్స్

ముందు రెండో ప్రశ్న తీసుకుంటాను. అది తేలితే మొదటిది సులువవుతుంది.

ఈ పేర్లు పబ్లిషర్లు పెట్టినవి కావు. చిన్నప్పుడు చదివి, పెద్దయ్యాక ఆ సంచికల కోసం మళ్లీ వెతుక్కున్న అభిమానులు పెట్టినవి. 1960 ఏప్రిల్‌లో ‘కామిక్ ఆర్ట్’ అనే ఫ్యాన్‌జీన్ (అభిమానులు సొంతంగా వేసుకునే పత్రిక) మొదటి సంచికలో రిచర్డ్ లుపాఫ్ రాసిన వ్యాసంలో ‘గోల్డెన్ ఏజ్’ అన్న మాట ఉంది. అచ్చులో దొరికిన మొదటి వాడుక అదేనంటారు. సిల్వర్ సంగతి ఇంకా బాగుంటుంది. 1966లో ‘జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా’ 42వ సంచిక ఉత్తరాల పేజీలో కనెక్టికట్ రాష్ట్రం నుంచి ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. గోల్డెన్ ఏజ్ హీరోలను మీరిలా తిరిగి తెస్తూ పోతే, ఇంకో ఇరవై ఏళ్లకు జనం ఈ దశాబ్దాన్ని ‘సిల్వర్ సిక్స్‌టీస్’ అంటారని అందులో రాశాడు. ఆ మాటే నోళ్లలో నాని సిల్వర్ ఏజ్ అయింది. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల గైడ్ మొదలైంది. ఆ తర్వాత అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఇలాంటి పేర్లే వాడుకలో స్థిరపడ్డాయి.

కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి. గీతలు గీసినవాళ్లకు ప్రాణం సూపర్‌హీరోలే. 1938 అంటే ‘యాక్షన్ కామిక్స్’ 1. 1956 అంటే ‘షోకేస్’ 4, అంటే కొత్త ఫ్లాష్. మధ్యలో వచ్చినవన్నీ వాళ్లకు ఖాళీ కాలం.

వేగుచుక్క

‘షోకేస్’ 4 గురించి ఒక మాట. అందులో బ్యారీ ఆలెన్ పోలీసు ల్యాబ్‌లో కూర్చుని పాత ‘ఫ్లాష్ కామిక్స్’ సంచిక చదువుతుంటాడు. కవర్ మీద 1940ల నాటి ఫ్లాష్, జే గ్యారిక్. తర్వాత పిడుగు పడుతుంది, రసాయనాలు మీద పడతాయి, ఇతనే కొత్త ఫ్లాష్ అవుతాడు. ఎడిటర్ జూలియస్ ష్వార్ట్జ్. 1961లో ‘ఫ్లాష్’ 123లో ఆ ఇద్దరు ఫ్లాష్‌లూ కలుస్తారు. పాత హీరోలందరూ ఇంకో భూమి మీద ఉన్నారని చెప్పింది ఆ కథే. సిల్వర్ ఏజ్ అనే పేరు ఇంకా పుట్టకముందే ఆ గీత కథలోకి వచ్చేసిందన్నమాట. అందుకే 1956 మీద ఇంతమందికి ఏకాభిప్రాయం ఉంది. 1955 నవంబర్ ‘డిటెక్టివ్ కామిక్స్’ 225లో వచ్చిన మార్షన్ మ్యాన్‌హంటర్‌తో మొదలుపెట్టాలనేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ కథ చూసి ఏ పబ్లిషరూ దారి మార్చుకోలేదు. ఫ్లాష్ అమ్ముడుపోయాకే గ్రీన్ లాంటర్న్, జస్టిస్ లీగ్ వరుసగా వచ్చాయి.

అబిడ్స్ ఆదివారం

నా వరకు సిల్వర్ ఏజ్ ముగిసింది 1973 జూన్ నాటి ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 121లో. హీరో ప్రియురాలు గ్వెన్ స్టేసీ చనిపోయిన సంచిక. అప్పటిదాకా హీరో ఎంత ఆలస్యంగా వచ్చినా ప్రాణం నిలబెట్టేవాడు. ఇక్కడ వల విసిరి పట్టుకుంటాడు, ఆమె బతకదు. వల ఆమె కాలికి తగిలిన ప్యానెల్‌లో మెడ దగ్గర చిన్న అక్షరాలతో ‘స్నాప్’ అన్న శబ్దం వేసి ఉంటుంది. తొందరగా చదివేవాళ్లు దాన్ని చూడకుండానే దాటేస్తారు. ఆమెను చంపింది పడిపోవడమా, హీరో వలా అన్న ప్రశ్న మొత్తం ఆ చిన్న శబ్దంలోనే ఉంది. ఆ పేజీ తర్వాత పాత అమాయకత్వానికి చోటు లేదు. రీప్రింట్‌లో చదివినా నాకు అలాగే అనిపించింది.

వేగుచుక్క

ఆ సంచిక విలువ నేను కాదనను అన్నా. కానీ 1973 దాకా సిల్వర్ అంటే ఏమవుతుందో చూడండి. ‘కోనన్ ది బార్బేరియన్’ 1 వచ్చింది 1970లో. ‘టూంబ్ ఆఫ్ డ్రాక్యులా’, ల్యూక్ కేజ్, ఘోస్ట్ రైడర్ ముగ్గురూ 1972. వీటిని సిల్వర్ పెట్టెలో ఎలా పెడతాం? ఒక్కటి కూడా ఆ కాలం పుస్తకంలా ఉండదు.

నేను 1970 అంటాను. ఆ ఒక్క ఏడాదిలో ఎన్ని జరిగాయో చూడండి. చిత్రకారుడు జాక్ కిర్బీ మార్వెల్ వదిలి డీసీకి వెళ్లి ‘జిమ్మీ ఓల్సెన్’ 133తో మొదలుపెట్టాడు. సూపర్‌మ్యాన్ పుస్తకాలను ఏళ్ల తరబడి తన చేతిలో ఉంచుకున్న ఎడిటర్ మార్ట్ వైసింగర్ రిటైరయ్యాడు. ఏప్రిల్‌లో డెన్నీ ఓ’నీల్ రాసి నీల్ ఆడమ్స్ గీసిన ‘గ్రీన్ లాంటర్న్’ 76 వచ్చింది. అందులో ఒక వృద్ధుడైన నల్లజాతి మనిషి గ్రీన్ లాంటర్న్‌ను నిలదీస్తాడు. వేరే గ్రహాల్లో రంగురంగుల చర్మాలవాళ్ల కోసం ఇంత చేశావట, నల్ల చర్మం వాళ్ల కోసం ఏం చేశావని. హీరో తల దించుకుంటాడు, జవాబు ఉండదు. 1965లో ఆ ప్యానెల్ అచ్చయ్యేది కాదు.

కోడ్‌ముద్ర

1970 ఒప్పుకుంటాను కానీ, అది ఎందుకు కుదిరిందో చెప్పాలంటే 1954కి వెళ్లాలి. లాంగ్‌బాక్స్ గారు అన్న ఖాళీ కాలం అసలు ఖాళీయే కాదు.

యుద్ధం అయిపోయాక సూపర్‌హీరోలకు గిరాకీ పడిపోయింది. ఆ చోటును క్రైమ్, రొమాన్స్, వెస్టర్న్, హారర్ ఆక్రమించాయి. 1947లో ‘యంగ్ రొమాన్స్’ మొదలుపెట్టింది కెప్టెన్ అమెరికాను సృష్టించిన జో సైమన్, జాక్ కిర్బీలే. 1950 నుంచి ఈసీ కంపెనీ ‘టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్’ లాంటివి వేసింది. బొమ్మల నాణ్యతలో ఆ పుస్తకాలకు సాటి వచ్చేవి అప్పుడు చాలా తక్కువ. ఇంకోవైపు 1948 నాటికే కొన్ని ఊళ్లలో బడిపిల్లల చేత కామిక్స్ కుప్పవేయించి తగలబెట్టించారు. 1954లో కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయంటూ మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్తమ్ రాసిన పుస్తకం వచ్చింది, అదే ఏడు సెనేట్ సబ్‌కమిటీ న్యూయార్క్‌లో విచారణ పెట్టింది. ఈసీ యజమాని బిల్ గెయిన్స్ తనంతట తానే సాక్ష్యం చెప్పడానికి వెళ్లాడు. ‘క్రైమ్ సస్పెన్‌స్టోరీస్’ 22 కవర్ మీద గొడ్డలి, తెగిన తల ఉన్నాయి. ఇది సభ్యంగా ఉందా అని అడిగితే, హారర్ కామిక్ కవర్‌గా సభ్యమైనదేనని ఆయన చెప్పాడు. మర్నాడు పత్రికల్లో వచ్చిన ఆ జవాబు మొత్తం వ్యాపారానికే ఎదురు తిరిగింది. ఆ శరదృతువులోనే పబ్లిషర్లు కలిసి కామిక్స్ కోడ్ అనే నియమావళి పెట్టుకున్నారు. కోడ్ ముద్ర లేని పుస్తకాన్ని హోల్‌సేలర్లు కట్ట విప్పకుండానే వెనక్కి పంపేవాళ్లు.

హారర్, క్రైమ్ అలా పోయాకే సూపర్‌హీరోలకు మళ్లీ చోటు దొరికింది. ‘షోకేస్’ 4 వెనుక ఇదంతా ఉంది. నా లెక్కలో సిల్వర్ ఏజ్ అంటే కోడ్ పట్టు గట్టిగా ఉన్న కాలం. ఆ పట్టు సడలింది 1971లో. ప్రభుత్వ ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ అడిగిందని మార్వెల్ రచయిత స్టాన్ లీ ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 96 నుంచి 98 దాకా మత్తుమందుల కథ రాశాడు. కోడ్ వాళ్లు ముద్ర ఇవ్వలేదు. మార్వెల్ ముద్ర లేకుండానే మూడు సంచికలూ అచ్చువేసింది, అవి మామూలుగానే అమ్ముడుపోయాయి. అదే ఏడాది కోడ్‌ను సవరించారు. డ్రాక్యులా, తోడేలు మనుషులు తిరిగి రావడం ఆ సవరణ వల్లే. జాంబీలకు మాత్రం అప్పుడూ అనుమతి రాలేదు. నాలుగురంగులు గారూ, మీ దగ్గర ఆ మూడింట్లో ఏదైనా ఉంటే కవర్ పైమూల చూడండి, ముద్ర ఉండదు. గీత ఎక్కడుందో కంటికి కనిపించే చోటు అది.

డక్‌బర్గ్

అందరూ మార్వెల్, డీసీ దగ్గరే ఆగిపోతున్నారు. నేను బాతుల కామిక్స్ సేకరిస్తాను, డెల్ కంపెనీ వేసినవి. అంకుల్ స్క్రూజ్ మొదటిసారి కనిపించింది 1947 డిసెంబర్‌లో, ‘ఫోర్ కలర్’ 178లో. రాసి గీసింది కార్ల్ బార్క్స్. ఆయన మంచి కథలు చాలావరకు మీరు ఖాళీ అంటున్న పదేళ్లలోనే వచ్చాయి. డెల్ ఆ కోడ్‌లో అసలు చేరనే లేదు. మా పుస్తకాలకు ముద్ర అక్కర్లేదని తేల్చేసింది, నడిపించుకుంది కూడా.

ఇంకోటి. 1960 నుంచి పత్రికల్లో ఏటా అచ్చయ్యే యాజమాన్య ప్రకటనలో అమ్మకాల లెక్క ఉంటుంది. 1960లో ‘అంకుల్ స్క్రూజ్’ సగటు 10 లక్షలు దాటింది. ‘సూపర్‌మ్యాన్’ దాదాపు 8 లక్షల దగ్గర ఉంది. సిల్వర్ ఏజ్ నడుమ అందరికంటే ఎక్కువ అమ్ముడుపోయింది ఒక బాతు. ఆ బాతుకు ఏ గైడ్‌లోనూ సొంత యుగం లేదు. బార్క్స్ సంచికలను నేను ఏళ్ల ప్రకారమే సర్దుతాను, మీ గీతలు నాకు అక్కరకు రావు.

న్యూస్‌ప్రింట్

డక్‌బర్గ్ గారు చెప్పిన లెక్కలే నాకు ఇష్టమైన దారి. కథలను కాసేపు పక్కనపెట్టి పుస్తకాన్ని చేతిలోకి తీసుకోండి. ధర ఎంత, పేజీలెన్ని, ఎవరు పంచారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు మారిన ప్రతిచోటా లోపల కథ కూడా మారింది.

1938లో కామిక్ ధర 10 సెంట్లు, పేజీలు 64. 1961 దాకా చాలా కంపెనీలు 10 సెంట్లే ఉంచాయి. కాగితం ఖర్చు పెరిగినా ధర ముట్టుకోవడానికి భయపడి పేజీలు కోశారు. 64 కాస్తా 52, తర్వాత 32. వెడల్పు కూడా తగ్గించారు. గోల్డెన్ ఏజ్ పుస్తకం పక్కన 1960ల పుస్తకం పెడితే సన్నగా, ఇరుకుగా కనిపిస్తుంది. 1961లో డెల్ ఏకంగా 15 సెంట్లు చేసి దెబ్బతింది. మిగతావాళ్లు 12 దగ్గర ఆగారు.

పంపకం సంగతి చూడండి. 1957లో అమెరికన్ న్యూస్ కంపెనీ పంపిణీ వ్యాపారం మూసేసింది. మార్వెల్‌కు ముందు పేరు అట్లాస్. ఆ కంపెనీకి దిక్కులేక ఇండిపెండెంట్ న్యూస్‌ను ఆశ్రయించింది. ఆ సంస్థ డీసీ వాళ్లదే. నెలకు ఎనిమిది టైటిల్స్ కంటే ఎక్కువ పంచబోమని షరతు పెట్టారు. ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’లో ఐరన్ మ్యాన్, కెప్టెన్ అమెరికా ఒకే పుస్తకాన్ని పంచుకున్నది అందుకే. 1968లో ఆ కట్టు తెగగానే ఐరన్ మ్యాన్, హల్క్, కెప్టెన్ అమెరికా ముగ్గురికీ తలో పుస్తకం వచ్చింది. మార్వెల్ సిల్వర్ ఏజ్ అంత చిక్కగా, ఒక కథ ఇంకో కథతో ముడిపడి ఉండటానికి స్టాన్ లీ, కిర్బీ, స్పైడర్‌మ్యాన్ గీసిన డిట్కోల ప్రతిభతో పాటు ఆ ఎనిమిది పుస్తకాల ఇరుకు కూడా కారణమని నా గట్టి నమ్మకం.

ఇక అసలు ప్రశ్న. 1969లో ధర 12 నుంచి 15 సెంట్లయింది. 12 సెంట్లది సిల్వర్, 15 నుంచి బ్రాంజ్ అని సర్దుకునేవాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. ఏ కథ గొప్పదన్న తగాదా ఉండదు. 1971లో ఇంకో మలుపు. మార్వెల్, డీసీ రెండూ పేజీలు పెంచి 25 సెంట్లు చేశాయి. మార్వెల్ మాత్రం ఆ వెంటనే పేజీలు తగ్గించి 20 సెంట్లకు దిగింది. డీసీ చాలా నెలలు 25 దగ్గరే ఉండిపోయింది. జేబులో చిల్లర లెక్కపెట్టుకునే పిల్లాడు ఏది కొంటాడు? అమ్మకాల్లో మార్వెల్ డీసీని దాటింది ఆ రోజుల్లోనే.

లాంగ్‌బాక్స్

ధరతో గీత గీస్తే సర్దడం సులువే. కానీ 1969 నాటి 15 సెంట్ల ‘ఫెంటాస్టిక్ ఫోర్’ తెరిస్తే లోపల కిర్బీయే ఉన్నాడు, అంతకుముందు ఏడాది ఎలా గీశాడో అలాగే. దాన్ని బ్రాంజ్ అనడానికి నాకు చెయ్యి రాదు. నేను వేగుచుక్క గారి 1970 పక్షం. అయితే అన్నిటికీ ఒకే ఏడు పెట్టను, టైటిల్‌ను బట్టి. ‘ఫెంటాస్టిక్ ఫోర్’కి కిర్బీ చివరి సంచిక 102 తర్వాత. ‘గ్రీన్ లాంటర్న్’కి 76 నుంచి. స్పైడర్‌మ్యాన్‌కి 96 దగ్గర కోడ్‌ముద్ర గారి మాట సరిపోతుంది.

నాలుగురంగులు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. 96, 97 రెండూ ఉన్నాయి, ఇప్పుడే తీసి చూశాను, ముద్ర లేదు. టైటిల్‌ను బట్టి గీత మార్చే పద్ధతి నాకు నచ్చింది. ఇంకో సందేహం: ‘ఇంక్రెడిబుల్ హల్క్’ 181 లేదు గానీ 180, 182 ఉన్నాయి. వీటికి విలువ ఉంటుందా? బ్రాంజ్ అని రాసి పెట్టేయాలా?

లాంగ్‌బాక్స్

ఉంటుంది. తర్వాత ఎక్స్‌మెన్‌లో పేరు తెచ్చుకున్న వుల్వరిన్ మొదట 180లో చివరి పేజీలో కనిపిస్తాడు. పూర్తిగా వచ్చేది 1974 నవంబర్ నాటి 181లో, 182లో కూడా కాసేపు ఉంటాడు. అమ్మే ఆలోచన ఉన్నా లేకపోయినా ముందు ఒక పని చేయండి. మూడు సంచికల్లో ఏది చేతికొచ్చినా ఉత్తరాల పేజీ తెరిచి చూడాలి. 1974లో మార్వెల్ ఆ పేజీల్లో ‘వేల్యూ స్టాంప్’ అని చిన్న బొమ్మలు వేసేది. కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకోమని పిల్లలకు చెప్పేది. పిల్లలు బుద్ధిగా కత్తిరించారు. బయట కవర్ కొత్తదానిలా మెరుస్తుంటుంది, లోపల పేజీకి కిటికీలా కంత ఉంటుంది. అది తెలిస్తే ధర ఒక్కసారిగా పడిపోతుంది. నాకు ఒక డీలర్ అలాంటి 181 చూపించి పేజీలన్నీ ఉన్నాయన్నాడు. పేజీలన్నీ ఉన్నమాట నిజమే, స్టాంప్ లేదు. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి చూపించమని అడగకుండా ఆ కాలం మార్వెల్ సంచిక ఎప్పుడూ కొనకండి.

అబిడ్స్ ఆదివారం

రీప్రింట్ల విషయంలో కూడా జాగ్రత్త. 1974లో డీసీ ‘యాక్షన్ కామిక్స్’ 1ని పెద్ద సైజులో తిరిగి అచ్చువేసింది. పైన ఇంకో అట్ట ఉంటుంది. ఆ అట్ట తీసేసి లోపలిదాన్ని అసలుదని అమ్మినవాళ్లున్నారు. స్కేలుతో కొలిస్తే చాలు, అసలుదానికంటే చాలా పెద్దది.

ఒక ప్రశ్న నాది కూడా. మన ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో ఫాంటమ్‌తో మొదలై 1990 దాకా వచ్చాయి. వాటిని కూడా ఈ యుగాల్లో పెట్టవచ్చా?

డక్‌బర్గ్

పెట్టకూడదనే నా అభిప్రాయం. వాటిలో ఫాంటమ్, మాండ్రేక్ కథలు లీ ఫాక్ రాసిన వార్తాపత్రికల స్ట్రిప్పుల నుంచి తీసుకున్నవి. ఫాంటమ్ స్ట్రిప్ 1936లోనే మొదలైంది, సూపర్‌మ్యాన్ కంటే ముందు. 1970లో వచ్చిన ఇంద్రజాల్ సంచికలో కథ ఎప్పటిదో చూడకుండా అట్ట మీద తేదీని బట్టి సిల్వర్, బ్రాంజ్ అంటే అర్థం ఉండదు. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, నా దగ్గర చెప్పాల్సింది చాలా ఉంది.

కోడ్‌ముద్ర

బ్రాంజ్ ఎక్కడ ముగిసిందో కూడా చెప్పేద్దాం. 1985లో మొదలైన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’తో డీసీ తన రెండు భూముల కథను తనే తుడిచేసింది. 1986లో ‘డార్క్ నైట్ రిటర్న్స్’, ‘వాచ్‌మెన్’ వచ్చాయి. ఇక్కడ పెద్దగా తగాదా లేదు. ఆ తర్వాత కొన్నేళ్లను కాపర్ ఏజ్ అంటారు కొందరు, అంతా మోడరన్ అంటారు ఇంకొందరు.

న్యూస్‌ప్రింట్

కాపర్ ఏజ్ అన్న పేరు ఉండాలి, ఎందుకంటే అప్పుడు అమ్మే తీరే మారింది. న్యూస్‌స్టాండ్‌లో మిగిలిన పుస్తకాలను పబ్లిషర్‌కు తిప్పి పంపవచ్చు. 1970లలో ఫిల్ స్యూలింగ్ మొదలుపెట్టిన పద్ధతిలో కామిక్స్ షాపు నేరుగా తక్కువ ధరకు కొంటుంది, మిగిలినా తిప్పి పంపదు. 1980లలో అదే ప్రధాన దారి అయింది. కవర్ మూల చూడండి. న్యూస్‌స్టాండ్ కాపీకి బార్‌కోడ్ ఉంటుంది. ఆ కాలం షాపు కాపీకి ఆ గడిలో తరచూ స్పైడర్‌మ్యాన్ తలో ఇంకేదో బొమ్మో ఉంటుంది. 1990ల షాపు కాపీల్లో బార్‌కోడ్ మీద ‘డైరెక్ట్ ఎడిషన్’ అని రాసి ఉంటుంది.

ఈ పద్ధతి వల్లే 1984లో ‘టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్’ 1 దాదాపు 3,000 కాపీలతో బతికింది. ఈ పద్ధతి వల్లే 1991లో ‘ఎక్స్‌మెన్’ 1 ఐదు రకాల కవర్లతో షాపులకు 80 లక్షలకు పైగా వెళ్లింది. అన్ని కాపీలు చదివేవాళ్లు కొన్నవి కావు. దాచుకుంటే ధర పెరుగుతుందని పెట్టెలకు పెట్టెలు కొన్నారు. 1940ల పుస్తకాలు అరుదు కావడానికి కారణం, యుద్ధంలో కాగితం సేకరణకు పిల్లలు వాటిని ఇచ్చేయడం, అమ్మలు పారేయడం. 1991లో ఎవరూ పారేయలేదు. 1992లో ఇమేజ్ కామిక్స్ మొదలైంది, సూపర్‌మ్యాన్ చనిపోయే ‘సూపర్‌మ్యాన్’ 75 నల్ల కవర్లో చుట్టి వచ్చింది. ఆ తర్వాత షాపులు వరుసగా మూతపడ్డాయి. 1996 డిసెంబర్‌లో మార్వెల్ దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. కాపర్‌కీ మోడరన్‌కీ మధ్య గీత 1992 దగ్గర గీస్తాను.

వేగుచుక్క

1992కి నా ఓటు కూడా. నాలుగురంగులు గారూ, మీ పెట్టెకి సంబంధించి చివరి సలహా. పెట్టెలో సంచికల మధ్య పెట్టే అట్టముక్కల మీద యుగం పేరు రాయకండి, టైటిలూ సంచిక నంబర్లూ రాయండి. యుగం గీతలు ఇంకో పదేళ్లకు మళ్లీ జరుగుతాయి, నంబర్లు జరగవు. 1977 నాటి ‘స్టార్ వార్స్’ 1 ఏమైనా ఉందా? ఉంటే కవర్ మీద ధర 30 సెంట్లా 35 సెంట్లా చూసి చెప్పండి. 35 సెంట్లవి కొన్ని ఊళ్లలో ధర పెంచి చూడటానికి కొద్దిగా మాత్రమే అచ్చువేశారు. వాటిలోనూ రీప్రింట్లు ఉన్నాయి కాబట్టి ధర గడి, బార్‌కోడ్ గడి రెండూ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మేం చూసి చెబుతాం.